గోనెపట్టాలు కప్పుకున్న ఆవులు

పోయిన వారం గోడ మీది పటం కిందపడి అద్దం పగిలితే, మా ఖరగ్‌పూర్ ఖరిదా బజారులో ఫ్రేములు కట్టే దుకాణానికి పట్టుకెళ్ళాను. మంచు కప్పిన పొలం, కర్రల కంచె, ఆకులు రాలిన చెట్ల కింద ఆవులూ గొర్రెలూ; ఆవుల వీపుల మీద మాత్రం గోనెపట్టాలు. ఇది వేసినాయన ఏ దేశం వెళ్ళొచ్చాడని అడిగాడు దుకాణం నడిపే బెంగాలీ దాదా. మేం అప్ప అని పిలుచుకునే మా అక్క వేసిందనీ, ఆవిడ ఖరగ్‌పూర్ దాటితే శ్రీకాకుళం దగ్గర మా సొంతూరు తప్ప ఏ ఊరూ ఎరగదనీ చెప్పాను.

నా చిన్నప్పుడు మేం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో రైలు పెట్టెలకు రంగులు వేసేవారు. అమ్మ పోయిన మరుసటేడు నాకు జ్వరమొచ్చి కాళ్ళు చచ్చుబడితే, ఎత్తుకుని స్నానం చేయించడం దగ్గర్నుంచి అన్నం కలిపి పెట్టడం దాకా అంతా అప్పే చూసింది. బయటికి పోలేనని నేను ఏడుస్తుంటే, పాత క్యాలెండరులోని ఏదో చలిదేశపు బొమ్మ చూసి, నా మంచం పక్కనే కూర్చుని ఈ పొలాన్ని అట్టమీద వేసింది. ఆవులకు చలేస్తుందని నేను గోల పెడితే, చలికాలంలో మా పాలవాడు కప్పినట్టే వాటికి గోనెపట్టాలు కప్పింది.

అప్పకు బడిలో డ్రాయింగు చెప్పే బెంగాలీ దీదీ ఆ బొమ్మ చూసి, ఈ పిల్లను కలకత్తా పంపి బొమ్మల చదువు చెప్పించమని అడగడానికి మా ఇంటికే వచ్చారు. నాన్న సరేనన్నారు. అప్పే నావైపు చూసి, "నానెల్లిపోతే దీన్నెవులు సూస్తారు నాన్నా?" అంది.

"ఏటో ఒకటి సేద్దాం. నువ్వెల్లమ్మా," అన్నారు నాన్న.

నేను అప్ప ఓణీ కొంగు పట్టుకుని వదల్లేదు. అప్ప వెళ్ళలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషమే ఇన్నేళ్ళుగా నన్ను లోలోపల కోస్తోంది.

తర్వాత నాకు నడక వచ్చింది, చదువుకుని టీచరునయ్యాను. అప్ప ఇక్కడే ఒక ఫిట్టరుగారిని చేసుకుని, సంసారంలో పడి, మళ్ళీ కుంచె పట్టలేదు. మొన్న పటం తిరిగి తెచ్చి ఆవిడకు చూపిస్తూ, "నా వల్లే కదప్పా నువ్వాగిపోనావు," అన్నాను.

"ఏటే ఆ మాటలు? నిన్నొగ్గేసి ఎల్తే నాకు బొమ్మలొచ్చేవేటి?" అని నవ్వేసింది. ఆ నవ్వుతో నా బరువేమీ తగ్గలేదు.

ఇప్పుడు స్టేషన్లో తెలుగు ఆడపిల్లలు ఇంజనీరింగు చదువు కోసం పెద్ద పెద్ద సామాన్లతో ఒంటరిగా దిగి, చేరిపోయామని ఇంటికి ఫోన్లో చెబుతుంటే ముచ్చటేస్తుంది. కాలం మారింది, మంచిదే. కలకత్తా వెళ్ళే లోకల్ బండ్లు ఇప్పటికీ ఆ పక్కనే వచ్చి పోతూనే ఉంటాయి. ప్లాట్‌ఫారం మెట్లెక్కడానికి అప్ప మోకాళ్ళే ఒప్పుకోవు.