ఆంటీ అల్లిన సర్కారు బుట్ట

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోను మోగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక ఆంటీ ఉండేవారు. ఫోన్లో వాళ్లమ్మాయి. "భయ్యా, మమ్మీ నహీ రహీ," అంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తిరిగేది హిందీకే. ఆంటీ నిద్రలోనే పోయారట. ఆ అమ్మాయి ముక్కు చీదుకుని, మంచం కింద మూడు గోనెసంచుల నిండా ప్లాస్టిక్ పట్టీలున్నాయి, వాటినేం చెయ్యాలని అడిగింది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చేసింది. ఆ పిల్లా నవ్వింది.

పట్టీలంటే అట్టపెట్టెల చుట్టూ బిగించి వచ్చేవి. మనం వాటిని కోసి పారేసి లోపలి వస్తువు తీసుకుంటాం. ఆంటీకి లోపలి వస్తువుతో పనిలేదు. నరసాపురం దగ్గర పుట్టి, నర్సుగా ఢిల్లీ వచ్చి, పాతికేళ్లకు పైగా ఇక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేసిన ఆవిడకు సెలైను పెట్టెల పట్టీలు, టీవీ పెట్టెల పట్టీలు, ఏవైనా ఒకటే. అన్నిటినీ బుట్టలుగా, బ్యాగులుగా అల్లేసేవారు.

మా పరిచయం కూడా పట్టీతోనే. గదిలో దిగిన రెండోరోజు టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చాను. గంటలోపే ఆంటీ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఫ్యాను కొన్నావంట గదా బాబూ. పట్టీ ఏదీ?"

"పారేశానండీ."

"ఎక్కడ?"

వీధి చివర చెత్తకుప్ప దాకా నన్ను తోలి, అది వెతికించి తెప్పించుకున్న తర్వాతే, "ఏవూరు నాయనా మీది? అన్నం తిన్నావా?" అని అడిగారు. ఆ పూట చేపల పులుసుతో మొదలైన రుణానుబంధం నాలుగేళ్లు నడిచింది. తల్లి దగ్గర లేని లోటు ఆ నాలుగేళ్లలో నాకు తెలియలేదు. ఈ మాట ఆవిడ ఉండగా ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

అల్లేటప్పుడు ఆంటీని చూడాలి. పట్టీలను వేణ్నీళ్ల టబ్బులో నానబెట్టి మెత్తబరిచేవారు. నేల మీద వరసగా పరిచి, కదలకుండా కాలి బొటనవేలితో తొక్కిపట్టి, ఒకటి పైనా ఒకటి కిందా అడ్డపట్టీలు దూర్చేవారు. అంచులు కోసుకుపోకుండా పది వేళ్లకూ ఆసుపత్రి ప్లాస్టరు. సందులోంచి పట్టీ కొస రాకపోతే ఆపరేషన్లలో రక్తనాళాన్ని పట్టుకునే పటకారు ఒకటి తీసి, దాంతో లాగేవారు. ఆ సమయంలో పక్కనున్న మనకు మత్తుమందు ఇచ్చినట్టే, నోరెత్తకూడదు.

మూడో వరసలో తప్పు ఇరవయ్యో వరసలో బయటపడిందనుకోండి. మనమైతే సర్దుకుపోతాం. ఆంటీ పదిహేడు వరసలూ విప్పేసేవారు. అయ్యో అంటే, "కుట్లు విప్పడానికి సిగ్గుపడేది నర్సు కాదబ్బాయ్," అనేవారు. బుట్ట అడుగు కాస్త వంకరగా నిలబడితే, "దీనికింకా జొరం తగ్గలేదు, డిశ్చార్జి చెయ్యకూడదు," అని గోడవారకు పెట్టేవారు. నాకూ నేర్పబోయారు. నేనల్లింది చూసి, "నువ్వు పట్టీలు తేవడానికే పుట్టావు," అని తేల్చేశారు.

అదే నా కొంప ముంచింది.

అప్పుడే మా ఆఫీసుకు కంప్యూటర్లు దిగాయి. నలభై పెట్టెలు. అన్నిటికీ నీలం పట్టీలు. భోజనాల దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆంటీ తినడం ఆపేశారు.

"నీలమా?"

"నీలమే ఆంటీ. మెరిసిపోతున్నాయి."

"ఇన్నేళ్లలో నాకు నీలం దొరకలేదు బాబూ. అన్నీ తెలుపూ పసుపూనే. ఎలాగైనా నాలుగు తేవాలి."

ఢిల్లీలో సర్కారు ఉద్యోగం చేసిన తెలుగువాళ్లకు తర్వాతి కథ సగం ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మా సెక్షన్ ఆఫీసరు దగ్గరికెళ్లి, కోసి పడేసిన ఆ పట్టీలు తీసుకెళ్లవచ్చా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఫైల్ చలావో," అన్నారు. ఫైలు పెట్టాను. పట్టీ కొన్న వస్తువులో భాగమా, లేక వస్తువుకు చుట్టిన సామగ్రిలో భాగమా తేల్చవలసిందని పైనుంచి ప్రశ్న వచ్చింది. నేను జవాబు రాశాను. అయితే ఆ సామగ్రి ప్రస్తుతం ఎవరి అధీనంలో ఉందని ఇంకో ప్రశ్న వచ్చింది. ఈలోగా ఊడ్చేవాళ్లు రోజుకిన్ని పట్టీలు చెత్తలో పారేస్తున్నారు. ఇంటికెళ్తే ఆంటీ అన్నం వడ్డిస్తూ, "ఇవాళైనా తెచ్చావా?" అనేవారు.

ఆగలేకపోయాను. డిసెంబరు చలి, ఒంటి మీద లావుపాటి స్వెట్టరు. రోజుకు రెండు పట్టీలు నడుముకు చుట్టుకుని బయటపడేవాడిని. పది రోజులు బాగానే సాగింది. పదకొండో రోజు ఆశకొద్దీ ఆరు చుట్టుకున్నాను. గేటు దగ్గర బూటు లేసు ఊడితే కట్టుకుందామని వంగాను. స్వెట్టరు లోపల ముడి వీడింది. ఆరు పట్టీలూ ఒక్కసారిగా విచ్చుకుని, ఒకటి మెడలోంచి, మిగతావి నడుము కిందినుంచి బయటికి తన్నుకొచ్చాయి. గార్డు నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"యే కిస్‌కా హై, బాబూజీ?"

ఎవరివని అడుగుతున్నాడు. నడుం నొప్పికి వైద్యమని చెప్పొచ్చు. చలికి బుర్ర పనిచెయ్యలేదు. "ఆంటీ కా," అన్నాను. ఆ ఆరూ అతని దగ్గరే ఉండిపోయాయి.

మర్నాడు మెమో చేతికొచ్చింది. సర్కారు సొత్తును అనుమతి లేకుండా దేహానికి చుట్టుకుని తరలిస్తూ పట్టుబడ్డాననీ, ప్రశ్నించగా సదరు సొత్తు ఒక ఆంటీదని జవాబిచ్చాననీ, ఇదివరకు తరలించిన సొత్తుకు లెక్కేమిటో, నాపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలనీ అందులో ఉంది. నవ్వులాటగా ఉంది గానీ, అప్పటికి నాది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం. ఒక్క సంతకంతో ఇంటికి పంపించెయ్యొచ్చు. మా నాన్నకు ఏమని చెప్పాలి? ప్లాస్టిక్ ముక్కల కోసం ఉద్యోగం పోగొట్టుకున్నానని చెప్పాలా? ఆ సాయంత్రం మెమో తీసుకెళ్లి ఆంటీ ముందు పెట్టాను.

ఆంటీ మెమోను కేసు షీటు చదివినట్టు పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు.

"ఇందులో తిరిగిచ్చెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

"లేదు. కానీ ఇదివరకు తెచ్చినవన్నీ మీరు కోసి, మడతలు పెట్టేశారుగా."

"పట్టీలుగా ఇమ్మన్నారా?"

"ఏమో ఆంటీ."

"మీ ఆఫీసులో దేనికి కొరత?"

ఆలోచించాను. మా ఆఫీసరు చింపిన కాగితాలు తన బల్ల కిందే పడేసేవారు. చెత్తబుట్ట కోసం పెట్టిన ఫైలు రెండేళ్లుగా తిరుగుతోంది. ఆ మాట చెప్పాను. ఆంటీ లేచి వెళ్లి, అప్పటికి ముప్పావు వంతు అయిన తన నీలం బ్యాగు తెచ్చారు. అది తనకోసమే అల్లుకుంటున్నారని నాకు తెలుసు. ఊళ్లో ఆడవాళ్లందరికీ అల్లిపెట్టి, తాను మాత్రం రేషన్ సంచీతో డ్యూటీకి వెళ్లే మనిషి. నేల మీద కూర్చుని దాన్ని విప్పడం మొదలుపెట్టారు. వద్దన్నాను. "మాట్లాడకు, ఆ కొస తొక్కిపట్టు," అన్నారు. రెండోరోజు సాయంత్రానికి నా మోకాలంత ఎత్తు బుట్ట తయారైంది.

మూడోరోజు పొద్దున నైట్ డ్యూటీ దిగి, తెల్లచీరలోనే నాతో ఆఫీసుకొచ్చారు. గార్డు పేరడిగితే, "ఆంటీ," అని చెప్పి లోపలికి నడిచారు. ఆఫీసరు బల్ల మీద బుట్ట పెట్టి, ఆసుపత్రి హిందీలో, "సర్, ఆప్‌కా సామాన్. పూరా హై," అన్నారు.

ఆయన బుట్టను తిప్పి చూశారు. "యే తో టోక్రీ హై." ఇది బుట్ట కదా అంటున్నారు.

"జీ. పెహలే పట్టీ థా, అబ్ టోక్రీ హై. ఖీంచ్‌కే దేఖియే."

అప్పుడు పట్టీ, ఇప్పుడు బుట్ట, లాగి చూడమనేసరికి ఆయన అంచు పట్టుకుని లాగారు. తర్వాత లేచి నిలబడి లాగారు. బుట్ట ఇసుమంత కూడా సాగలేదు. గదిలో అందరూ పని మానేసి చూస్తున్నారు. ఆయన కూర్చుని, మెమో మీద తీరిగ్గా నాలుగు ముక్కలు రాశారు. సామగ్రి మారిన రూపంలో పూర్తిగా తిరిగి అందినది, విషయం ముగించడమైనది అని. బుట్టను స్టాకు రిజిస్టరులో ఎక్కించి, తెల్లరంగుతో నంబరు వేయించమన్నారు.

ఆంటీ వెళ్లబోతుంటే ఆయన కాస్త గొంతు తగ్గించి, ఇంట్లో కూరగాయలకు ఇలాంటిదొకటి దొరుకుతుందా మేడమ్ అని అడిగారు.

ఆంటీ గుమ్మంలో ఆగి, "ఫైల్ చలాయియే, సర్," అన్నారు.

అలా నా ఉద్యోగం నిలిచింది. ఆవిడకు మాత్రం మళ్లీ నీలం దొరకలేదు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ పెళ్లి, బదిలీలు, సొంత క్వార్టరు అంటూ ఏడాదికి ఒక క్రిస్మస్ కేకు వరకే మిగిలాను. సిగ్గుగా ఉంది.

సమాధుల దగ్గర మట్టి వేసి వచ్చిన మర్నాడు ఆఫీసుకెళ్లాను. బదిలీలన్నీ తిరిగొచ్చి, ఇప్పుడు ఆ సెక్షన్ ఆఫీసరును నేనే. పాడైన సామాను జాబితా సంతకానికి వచ్చింది. ఆనాటి నలభై కంప్యూటర్లూ అందులో ఉన్నాయి. బుట్ట లేదు. అది నా బల్ల కింద ఎప్పటిలాగే నిలబడి ఉంది.

సంతకం పెట్టి బయటికొచ్చాను. వరండాలో కంట్రాక్టరు మనుషులు చచ్చిన కంప్యూటర్లను తీసుకెళ్లడానికి కట్టలు కడుతున్నారు. కొత్త పట్టీలు, నీలం రంగువి. మిగిలిన కొసలు నేలంతా పడి ఉన్నాయి. అటూ ఇటూ చూశాను. ఎవరూ నావైపు చూడనప్పుడు వంగి, పొడుగ్గా ఉన్న నాలుగు ఏరి, చుట్టచుట్టి కోటు జేబులో పెట్టుకున్నాను. గేటు దాటి, బస్టాపు దాకా నడిచి, లక్ష్మీ నగర్ బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది, ఇవి తీసుకునే మనిషి లేదని.