ఉయ్యాల చప్పుడు ఆగిన చోట

మా పెద్దబాపు పోయాడని మొన్న పొద్దున బమ్రోలిలోని ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నాన్నకు స్వయానా అన్న. ఈ సూరత్‌లోనే సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ ముసలివాడయ్యాడు. అంత్యక్రియలకు వెళ్లొచ్చాక కూడా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆల్థాన్‌లోని మా రెండు గదుల్లో తిరుగుతూ, మడిచిన బట్టలే మళ్లీ మడుస్తున్నాను.

ఆయనకు దయ్యాల సినిమాలంటే పిచ్చి. కార్ఖానా సెలవు రోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి టీవీ ముందు చేరేవాడు. సాంచెల మోతకు చెవులు సగం పోయాయి గనక సౌండు చివరిదాకా పెట్టించేవాడు. పక్కింటి గుజరాతీ ఆవిడ గోడ కొట్టేది. జుట్టు విరబోసుకున్న దయ్యం వస్తే పిల్లలం దుప్పట్లో దూరేవాళ్లం. ఆయన పల్లీలు నములుతూ, "గీమె నన్నేం జేస్తది? మేకప్ ఏసుకునేసరికే తెల్లారుతది" అనేవాడు.

ఒక్క సినిమా దగ్గర మాత్రం ఆ ఎగతాళి నడవలేదు. అందులో దయ్యం కనిపించదు. ఒక తల్లి వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటుంది. లోపలి గదిలో పసిబిడ్డ ఉయ్యాల కిర్రుమంటుంటుంది. ఆ చప్పుడు ఆగుతుంది. బిడ్డ నిద్రపోయిందనుకుని, చేతిలో పని ముగించాకే ఆమె వెళ్తుంది. అప్పటికే బిడ్డ ప్రాణం పోయి ఉంటుంది. ఆ తర్వాత సినిమా అంతా ఖాళీ ఉయ్యాల ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది.

నాకు విసుగనిపించింది. పెద్దబాపు పల్లీలు పక్కన పెట్టాడు.

"జూసినవా, సినిమా తీసినోడు లోపలి గది సూపెడ్తలేడు, ఆమె చేతులే సూపెడ్తుండు. మ్యూజిక్ గిట్ల ఏం పెట్టలే. చప్పుడుకు ఎవడు భయపడతడు బిడ్డా? చప్పుడు ఆగితెనే భయం."

సినిమా ఎలా చూడాలో నాకు నేర్పింది ఆ మాటే. కానీ ఆయన అక్కడితో ఆపలేదు.

"మీ బాపు సాంచె ఆగినప్పుడు నాకు గీ సంగతి ఎర్కైంది. పోగు తెగిందనుకున్న. నా సాంచెల నూలు కండె మార్చుకొని, అప్పుడు తిరిగి సూసిన."

నాన్న పని చేస్తూనే గుండె ఆగి పోయాడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ ఒక్క నిమిషం సంగతి తెలియదు. పోగు తెగి సాంచె ఆగడం రోజూ ఎన్నిసార్లో. ఆగిన ప్రతిసారీ ఎవరు తిరిగి చూస్తారు? నీ తప్పేం లేదు పెద్దబాపూ అనాల్సింది. చాయ్ పెడతానని లేచి వెళ్లిపోయాను. పిరికితనం, ఇంకేం కాదు.

తర్వాత కూడా ఆయన ఆ సినిమానే అడిగి పెట్టించుకునేవాడు. ఆ చోటు రాగానే ముందుకు వంగి, "ఈసారన్న ఆ తల్లి లేసి పోతదేమో సూద్దాం" అనేవాడు. నేను పక్కనే కూర్చునేదాన్ని. ఏళ్లు గడిచినా, నీ తప్పు లేదన్న ఆ ఒక్క మాట నా నోట రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ సినిమా పెట్టుకున్నాను, సౌండు చివరిదాకా. పక్కింటావిడ గోడ కొట్టలేదు. ఉయ్యాల ఆగింది. ఆమె గిన్నె తుడుస్తూనే ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఎటు వెళ్లాలో తెలియక, ఆయన కూర్చునే చోటు వైపే చూస్తూ ఉండిపోయాను.