పన్ను పీకే ప్రశ్న

మా మామయ్యకు ఒకటే జబ్బు. ఆయన కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకే ప్రశ్న అడుగుతాడు. వాళ్ళు ఏ జవాబు చెప్పినా, వెంటనే నోట్లో దూది కుక్కి, దానికి ఎదురు వాదిస్తాడు. మామయ్య పళ్ళ డాక్టరు. ఇంత సుఖంగా వాదించే అదృష్టం ఏ వకీలుకీ లేదు.

ఆ ప్రశ్న ఏమిటంటే, "మనల్ని పెద్దాయన ఎక్కువ నాశనం చేశాడా, వీళ్ళు చేశారా?"

పెద్దాయనంటే మా దేశాన్ని నా పుట్టుకకు ముందు నుంచీ ఒంటిచేత్తో ఏలిన నియంత. వీళ్ళంటే ఆయన బారి నుంచి మమ్మల్ని రక్షిస్తామని సముద్రం అవతలి నుంచి విమానాలేసుకొచ్చిన సైన్యం. కొద్ది వారాల్లో వెళ్ళిపోతామన్నారు. ఆ వారాలేవో మరీ పొడుగ్గా ఉన్నాయి. పెద్దాయన కాలంలో ఇంటింటా దీపం వెలిగేది గానీ ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు. భయం లేకుండా నోరు తెరిచే చోటు ఊరు మొత్తానికి మామయ్య క్లినిక్ ఒక్కటే. వీళ్ళొచ్చాక ఎవరైనా ఎంతైనా మాట్లాడొచ్చు. కాకపోతే కరెంటు లేదు కాబట్టి ఎవరితో మాట్లాడుతున్నామో కనిపించదు.

నేను నర్సుగా చేసే ఆసుపత్రి మూతపడ్డాక మామయ్య దగ్గర చేరాను. టార్చిలైటు పట్టుకోవడం, ట్రే అందించడం, రోగి కొట్టబోతే అడ్డం వెళ్ళడం నా డ్యూటీ.

మొదటి రోజే రొట్టెల కొట్టాయన వచ్చాడు. ప్రశ్న వినగానే, "ఇంకెవరు, వీళ్ళే! బాంబు దెబ్బకి నా పొయ్యి పగిలిపోయింది," అన్నాడు. దూది లోపలికి వెళ్ళింది.

"పొయ్యి పోతే ఇంకోటి కట్టుకోవచ్చు. పెద్దాయన బొమ్మ గోడమీద వంకరగా ఉందని మీ తమ్ముణ్ణి లోపలేశారు కదా, అప్పుడు నువ్వేం పీకావయ్యా?"

రొట్టెలాయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. "ఆఁ! ఊఁ! గా!" అంటూ కుర్చీలోంచి లేచి మామయ్య కాలరు పట్టుకున్నాడు.

"లేచావు గనక అటే వెళ్ళిపో. పన్ను వచ్చేసింది," అన్నాడు మామయ్య ట్రే చూపిస్తూ.

ఆ వెంటనే వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు, "పెద్దాయనే పరమ దుర్మార్గుడు," అన్నాడు. మామయ్య ఏ మాత్రం సిగ్గుపడకుండా, "ఆ దుర్మార్గుడి కాలంలో మీ పెన్షను ఒకటో తారీకున వచ్చేది. ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది, తినండి మరి," అన్నాడు. బయట బల్లమీద వాళ్ళిద్దరూ చెంపలు పట్టుకుని కలుసుకున్నారు. డాక్టరు పెద్దాయన మనిషని ఒకరు, పరాయివాళ్ళ తొత్తని ఇంకొకరు. కాసేపటికి ఇద్దరూ తలుపు తోసుకొచ్చి, "అసలు నువ్వే పక్షమో తేల్చు!" అని నిలదీశారు.

"నోళ్ళు తెరవండి, చెప్తాను," అన్నాడు మామయ్య. ఇద్దరూ గబుక్కున నోళ్ళు మూసుకుని వెళ్ళిపోయారు.

అన్నిటికన్నా ఘోరం, పరాయి సైనికుడి పన్ను. క్యాంపులో వాళ్ళ డాక్టరు సెలవులో ఉన్నాడట. ఆ సైనికుడు దుబాసీని వెంటబెట్టుకొచ్చి, తుపాకీతో సహా కుర్చీలో కూర్చున్నాడు. మామయ్య ప్రశ్న మానలేదు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తనకేమీ తెలీదంటున్నాడండీ. ఇంటికెళ్ళిపోవాలని ఉందట," అన్నాడు దుబాసీ.

"అదేం కుదరదని చెప్పు. వీళ్ళు బంగారంలాంటి మనుషులు, ఇంకో ఇరవై ఏళ్ళు ఇక్కడే ఉండాలని ఊరంతా సంతకాలు చేస్తున్నామను."

దుబాసీ చెప్పాడు. ఆ కుర్రాడు పెట్టిన కేకకి వీధిలో కుక్కలు పరిగెత్తాయి. పన్ను ట్రేలో పడింది.

అత్తయ్య తల బాదుకునేది. "మత్తు ఇంజెక్షన్లు లేక జనం అల్లాడుతుంటే, మీ నోటితో కూడా కాల్చుకు తినాలా?"

నిజమే, ఓడరేవు మూతపడ్డాక ఊళ్ళోకి మందులు రావడం ఆగిపోయింది. మత్తుమందు ఒక్కటంటే ఒక్క సీసా మిగిలితే మామయ్య బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు. ఆయనకే ఒక దవడ పన్ను పుచ్చి చెంప బుంగలా ఉబ్బింది. రోడ్డు బాగుపడితే పక్క ఊరి డాక్టరు వచ్చి పీకాలి. "ఆ సీసా నాది. ఎవరు ముట్టుకున్నా వేళ్ళు విరగ్గొడతా. నాకు నొప్పంటే చచ్చేంత భయం," అని బాహాటంగా చెప్పేవాడు. ఇంత స్వార్థపరుడు మా అమ్మకు తమ్ముడెలా అయ్యాడా అని నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు పొద్దున్నే బట్టలు కుట్టే ముసలమ్మ వచ్చింది. ఆవిడ పెద్దకొడుకు పెద్దాయన మీద జోకు వేశాడని జీపెక్కించి తీసుకెళ్ళారు, మళ్ళీ రాలేదు. చిన్నకొడుకు, విమానాలు వంతెన కూల్చినప్పుడు వంతెన మీద ఉన్నాడు.

మామయ్య అలవాటుగా, "అమ్మా, మనల్ని..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"అడగవేం డాక్టరు బాబూ? అందర్నీ అడుగుతావటగా," అంది ముసలమ్మ.

"ఏం లేదమ్మా."

"నేనే చెప్తాలే. పెద్దోడి వైపు మాట్లాడితే చిన్నోడికి అన్యాయం. చిన్నోడి వైపు మాట్లాడితే పెద్దోడికి. ఎవడు ఎక్కువ ముంచాడో లెక్కేసే ఓపిక నాకు లేదు నాయనా. ఈ పన్ను చూడు, సలుపుతోంది."

మామయ్య నావైపు తిరక్కుండా, "ఆ డబ్బా పట్రా," అన్నాడు.

"మామయ్యా, అది నీ..."

"పట్రమ్మన్నానా లేదా?"

సీసా ఖాళీ అయింది. ముసలమ్మకు చీమ కుట్టినట్టు కూడా లేదు. వెళ్తూ వెళ్తూ, "మంచి చెయ్యి బాబూ నీది. జనం ఊరికే ఏదేదో అంటారు," అని దీవించింది.

నేను ఖాళీ సీసా తిరగేసి చూసి, మామయ్య వైపు చూశాను.

"ఏం చూస్తావే? కోపం నషాళానికంటితే నొప్పి తెలీదు. అందుకే అందర్నీ రెచ్చగొడతాను. ఆవిణ్ణి ఎలా రెచ్చగొట్టమంటావు? ఏ వైపు మాట్లాడినా ఒక కొడుకు అడ్డొస్తాడు," అన్నాడు చెంప పట్టుకుని.

నాకు ఏడుపు రాబోయింది గానీ మామయ్య అంత అవకాశం ఇవ్వలేదు. మధ్యాహ్నానికి చెంప ఇంకా ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయింది. పక్క ఊరి డాక్టరు జాడ లేదు. నేనూ అత్తయ్యా కలిసి ఆయన్ని ఆయన కుర్చీలోనే కూలేశాం. అత్తయ్య తల పట్టుకుంది, నేను పటకారు పట్టుకున్నాను.

"ఒద్దే! నీకు పుణ్యముంటుందే!"

దూది కుక్కాను. "మామయ్యా, నేను బాగా ఆలోచించాను. నన్నడిగితే ఇద్దరూ మంచోళ్ళే. పెద్దాయన జైల్లో పెట్టినా, వీళ్ళు బాంబులేసినా మన మంచికోసమేగా!"

మామయ్య ఒంటికన్ను నిప్పుకణికైంది. అన్నేళ్ళుగా దాచుకున్న సొంత అభిప్రాయమంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. "ఆఁ! గా! ఊఁ ఊఁ! గాఁ!" చేతులు ఊపుతున్నాడు, బల్ల గుద్దుతున్నాడు, ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి జైలు వైపు వేలు చూపిస్తున్నాడు.

"ఇక చాలు, ఊరుకోండి. పన్ను ఎప్పుడో వచ్చింది," అంది అత్తయ్య.

మామయ్య ట్రేలోకి చూశాడు. చెంప తడుముకున్నాడు. దూది ఉమ్మేసి, నోరెళ్ళబెట్టి నావైపు చూశాడు.

"ఓరి దేవుడా! ఇది నిజంగానే పనిచేస్తుందే!"

"అదేంటి, నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? నా పన్ను ఎప్పుడూ ఎవరూ పీకలేదుగా!"

అత్తయ్య నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుంది. "సరే గానీ మామయ్యా, ఇందాక అంతసేపు అరిచావు కదా. అసలు నీ జవాబేంటి?" అని అడిగాను.

"నీకు పన్ను నొప్పి వచ్చినప్పుడు చెప్తాలే," అని లేచి, తరవాతి మనిషిని పిలిచాడు.