పొగ లేచిన ప్రార్థన

నేను బోధన్‌లో ఫైబర్‌గ్లాస్ పని చేస్తాను, ఆదివారాలు మా సంఘంలో వాక్యం చెబుతాను. నిరుడు నిజాంసాగర్‌లో చేపలు పట్టే మా బావ పడవ అడుగు పగిలింది. పదిహేను రోజులుగా ఆయన వేట ఆగిపోయింది. పడవను ఇసుక బస్తాల మీద నిలిపి, లోపల అడుగు పొడవునా చెక్క పట్టీలు అమర్చాం. వాటి మీద ఫైబర్ గుడ్డ అంటించడమే మిగిలింది.

బకెట్‌లోని రెజిన్ జిగురులో గట్టిపరిచే మందు కలిపాక, ప్రార్థన చేయలేదని గుర్తొచ్చింది. మందు కలిపిన రెజిన్‌ను నిమిషాల్లో వాడేయాలి, లేకపోతే బకెట్‌లోనే వేడెక్కి గట్టిపడుతుంది. ఒడ్డున పదిమంది జాలర్లు చూస్తున్నారు. కళ్లు మూసుకుని నోవహు ఓడ నుంచి మొదలుపెట్టాను. పేతురు వల దాకా వచ్చేసరికి ఘాటు వాసన తగిలింది.

"బామ్మర్దీ, జెర ఆమెన్ అను. బకెట్ల పొగ లేస్తున్నది," అన్నాడు బావ.

కళ్లు తెరిచేసరికి రెజిన్ రాయిలా బిగుసుకుపోయి ఉంది. మా దగ్గరున్నది అంతే.

"నిజామాబాద్ పోయి మల్ల తెస్త తియ్యి. గంత సేపు ఎవలికి చెప్పినవ్, దేవునికా, మాకా?" అన్నాడు బావ.

నేను బకెట్ ఎత్తి పక్కన పెట్టాను.

రెండు రోజుల తర్వాత పడవ నీటిలో దిగింది. చుక్క కూడా లోపలికి రాలేదు. ప్రార్థనలో మాటలు పెంచవద్దని సంఘానికి బోధించే నేను, ఆ రోజు ప్రార్థించింది ఒడ్డున ఉన్నవాళ్లు వినాలనే.