నా జడ, మా అమ్మ మొక్కు

లావు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పినప్పుడు మా అమ్మ ఏడవలేదు, అరవలేదు. మిరపకాయల తొడిమలు తీస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుని, పెదకాకాని శివుడి గుడి ఉన్న దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. మా అమ్మ దేవుడికి ఊరికే దణ్ణం పెట్టే మనిషి కాదు. ప్రతి దణ్ణం వెనకా ఏదో ఒక ఒప్పందం ఉంటుంది.

ఆ ఒప్పందం ఏమిటో గుంటూరు ఆస్పత్రిలో, ఆపరేషన్ అయిన మర్నాడు తెలిసింది. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టారు. నర్సు చెప్పినట్టు నీళ్లు ఒక్కో గుక్క చప్పరిస్తూ, గుక్కకీ గుక్కకీ మధ్య గోడ చూస్తూ కూర్చున్నాను. అమ్మ మంచం పక్కన చేరి నా జడ విప్పి, చిక్కు తీస్తూ తీరిగ్గా విషయం బయటపెట్టింది.

"నువ్వు క్షేమంగా బయటపడితే నీ తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నానే. కాస్త కోలుకున్నాక పోయొద్దాం."

కుట్లు పచ్చిగా ఉండబట్టి అరవలేకపోయాను గానీ, లేకపోతే ఆ అంతస్తంతా లేచి కూర్చునేది.

"నా జుట్టు నువ్వెట్టా మొక్కుతావమ్మా?"

"నా కూతురివేగా. పక్కింటోళ్లది మొక్కలేదుగా."

ఈ జడ సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నేను పుట్టుకతోనే బొద్దు. బళ్లో లావు, పెళ్లిలో లావు, పిల్లలు పుట్టాక మరీ లావు. సత్తెనపల్లి బస్టాండు దగ్గర నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర పట్టుకొచ్చి దానికి సరిపడే జాకెట్టు గుడ్డ అడిగే ఆడవాళ్లందరికీ నా ఒంటి మీద ఒక అభిప్రాయం ఉండేది. అది చెప్పేశాక, పాపం బాధపడుతుందేమోనని, జడ మాత్రం ఎంత బాగుంటుందో అని కలిపేవాళ్లు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అంతే. నడుం దాటి వేలాడే ఆ జడే నాకు ఊళ్లో పరువు. దాన్ని నన్ను అడక్కుండా రాసిచ్చేసింది మా అమ్మ.

మూడు కత్తెరలు ఇస్తానని బేరం పెట్టాను. ఆడవాళ్లు చాలామంది అంతే చేస్తారు, కొసలు మూడుసార్లు కత్తిరించి ఇచ్చి దణ్ణం పెట్టుకుంటారు. అమ్మ ఒప్పుకోలేదు. మొత్తం ఇస్తానని చెప్పి ఇప్పుడు కొసలు ఇస్తే స్వామి ముందు తలెత్తుకోలేనంది. మా ఆయన ఇద్దరి మధ్యా నోరు విప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన బాగా నేర్చుకున్న విద్య అదే.

నన్ను చూసుకోడానికి అమ్మ పొలం నాన్న మీద వదిలి మా ఇంటికొచ్చి దిగింది. కొన్నాళ్లు పలచటివే తాగాలి, తర్వాత మెత్తటివి తినాలి, కారం బాగా తగ్గించాలి అన్నారు డాక్టరు గారు. అమ్మ తగ్గించింది. మా అమ్మ తగ్గించిన కారం వేరే జిల్లావాళ్లు తింటే అంబులెన్సు పిలవాల్సి వస్తుంది. పప్పుకట్టు ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే కళ్లమ్మట నీళ్లు కారాయి. "ఇందులో అసలు ఎండుమిరపకాయే వేయలా, వాసన చూపించి తీసేశా" అని ఒట్టు పెట్టింది.

మెత్తటి అన్నానికి వచ్చాక ఇంకో చిక్కు. నాకు గబగబా తినే అలవాటు. రెండు ముద్దలు తొందరపడి మింగితే గుండెల దగ్గర రాయి పెట్టినట్టు ఆగిపోయేది. నోటి నిండా నురగ, ఆ తర్వాత వాంతి. ఒకరోజు కొట్టుకు ఎవరో మనవడు పుట్టాడని మైసూర్‌పాకు తెచ్చారు. చిన్న ముక్కే కదా అని తిన్నాను. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడదడ, కడుపులో తిప్పుడు. ఇంటికి తీసుకొస్తే అమ్మ దిష్టి అని తేల్చేసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ పూట ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ రోడ్డెక్కాం, పక్కవాటాలో వాళ్లూ వచ్చారు. దిష్టి లేదని ఆ విధంగా రుజువైంది. ఈ ఆపరేషన్ తర్వాత తీపి తింటే కొందరికి అలా అవుతుందని, మైసూర్‌పాకు జోలికి పోవద్దని డాక్టరు గారు ఫోన్లో చెప్పారు.

ఇవన్నీ నవ్వుకుంటూ గడిపేశాను. ఒళ్లు తగ్గుతోంది, మోకాళ్ల నొప్పి పోయింది, ఆయాసపడకుండా మేడ ఎక్కుతున్నాను. జాకెట్లన్నీ లోపలికి కుట్టించుకుంటుంటే ఎంత సంతోషమో. అప్పుడు జుట్టు రాలడం మొదలైంది.

మొదట దువ్వెనకు, తర్వాత దిండుకు, ఆ తర్వాత స్నానాల గదిలో తూముకు అడ్డంపడేంతగా. కొట్లో ఒకావిడ తెల్లటి గుడ్డ విప్పి చూస్తే దాని మీద నా వెంట్రుకలు. ఆవిడ ఏమీ అనకుండా ఏరి పారేసింది. అనుంటే బాగుండేది. జడ వేలంత లావుకు దిగింది, పాపట వెడల్పయింది. ఒళ్లు తగ్గిందని మెచ్చుకున్నవాళ్లు లేరు. సుగరా అని ఒకరు, ఇంట్లో గొడవలా అని ఒకరు, అందరూ కలిసి అయ్యో జడ పోయిందే అని.

అమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. "నువ్వివ్వకపోతే ఆయనే తీసుకుంటన్నాడు, కొంచెం కొంచెం."

మళ్లీ గుంటూరు వెళ్లాం. డాక్టరు గారు రక్తపరీక్షలు చూశారు. ఇనుము తక్కువగా ఉంది, ప్రోటీన్ సరిపోవడం లేదన్నారు. "ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు జుట్టు రాలడం మామూలేనండి. ముందు గుడ్డు, పప్పు, పెరుగు తినండి. చోటుంటేనే అన్నం. మాత్రలు మానొద్దు. కొన్ని నెలల్లో ఆగుద్ది, చాలామందికి మళ్లీ వచ్చేస్తుంది."

అమ్మ ముందుకు జరిగింది. "గుండు చేయిస్తే ఒత్తుగా వచ్చిద్దంటారు గదండీ?"

"అదేం లేదమ్మా. వచ్చేది లోపలి నుంచి. పైన గీసినా గీయకపోయినా ఒకటే."

ఆయన చెప్పింది నమ్మాను. గుడ్లు తిన్నాను, మాత్రలు మింగాను. కానీ అద్దంలో చూసుకున్నప్పుడల్లా భయం వేసేది. పాత మనిషి పోయింది, కొత్త మనిషి ఇంకా రాలేదు, మధ్యలో ఈ పీలగా, పాపట కనిపిస్తూ ఉన్నది ఎవరు? ఊళ్లో నన్ను గుర్తుపట్టడానికి ఉన్న ఒక్క ఆనవాలూ తూములో పడి పోతోంది. ఒకరోజు కొట్టు మూసి వచ్చి, బడి పిల్లలా ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది.

"పదమ్మా, రేపే పోదాం. మొత్తం ఇచ్చిపారేద్దాం. నీ దేవుడికీ నాకూ తెగిపోద్ది."

అమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. సరేనని మాత్రమే అని, లోపలికి వెళ్లి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. గుడికి వెళ్తూ గుడ్డు తినకూడదు కాబట్టి శనగలు ఉడకబెట్టి డబ్బాలో తెచ్చింది. బస్సులో దారి పొడవునా ఒక్కో గింజ నా చేతిలో పెడుతూ, నమిలి మింగిందాకా రెండోది ఇవ్వలేదు. గుంటూరులో బస్సు దిగి, ఆటోలో పెదకాకాని చేరాం. అప్పటిదాకా ఆమె మొక్కు మాట ఎత్తలేదు.

టిక్కెట్టు తీసుకుని, తలనీలాలు తీసే చోట వరసలో నా వంతు రాగానే కూర్చున్నాను. మంగలి జడ విప్పి నీళ్లు చల్లాడు. కళ్లు మూసుకున్నాను.

"ఆగయ్యా" అంది అమ్మ. "లేమ్మా నువ్వు. నేను కూర్చుంటా."

"ఏందమ్మా ఇది, ఇక్కడిదాకా వచ్చాక?"

"మొక్కింది నేను. ఇచ్చేది నేనే."

నన్ను చెయ్యి పట్టి లేపి, ఆ పీట మీద తను కూర్చుంది. మంగలి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కూతురి పేరన మొక్కి మీరిస్తే చెల్లుద్దా అమ్మా?" అనడిగాడు.

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు గియ్యి."

ముడి విప్పుకుంటూ, నా వైపు తిరక్కుండా చెప్పింది. "ఆ రోజు నాకు భయమేసిందే. నీది ఏదన్నా మంచిది ఇవ్వాలి స్వామికి అనుకున్నా. నీలో మంచిదేముందా అని చూస్తే జడ ఒక్కటే కనపడింది. ఊళ్లోవాళ్లంటే సరే. నేను కన్నదాన్ని. నాక్కూడా అదొక్కటే కనపడింది."

నాకు కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. అంతకంటే ఎక్కువ దుఃఖం వచ్చింది. ఆమె పక్కనే నిలబడ్డాను. మా అమ్మ జుట్టు పైన నెరిసినా లోపల ఇంకా నల్లగానే ఉంది. అదంతా ఆమె ఒళ్లోకి, కాళ్ల దగ్గరకు జారిపోయింది. చూస్తుండగానే అమ్మ చిన్నదైపోయింది.

స్నానం చేయించి, బయట గట్టు మీద కూర్చోబెట్టి తలకు గంధం రాశాను. అక్కడక్కడా గాటు పడినచోట నెమ్మదిగా రాశాను. నా జుట్టు తడిసి, నాలుగు పాయలుగా మొహానికి అంటుకుపోయి ఉంది. తల మీద చర్మం కనపడుతూనే ఉంటుంది. కొంగు కప్పుకోబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. రెప్ప వేయకుండా నా మొహంలోకే చూస్తోంది.

"ఏందమ్మా అట్టా చూస్తన్నావు?"

"నిన్నే. కాసేపు చూడనీ."

నేను కదలకుండా నిలబడ్డాను.