గురక విన్న డాక్టరుగారు

పాలకొల్లులో మా డాక్టరుగారు పోయారని మొన్న మా ఆడపడుచు ఫోను చేసింది. ఆ వెనకే, "మంచాయనే గానీ నోరే చెడ్డది వదినా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అవును, ఆయన అరిచేవారు. ఎవరి మీద, ఎందుకు అరిచేవారో మీకు నేను చెబుతాను.

అప్పట్లో వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలకు టాన్సిల్స్ తీయించేయడం మా వైపు ఆవకాయ పెట్టుకున్నంత మామూలు. మా అబ్బాయికి ఆ ఏడు ఒకటి రెండుసార్లు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. దాంతో మా అత్తగారు ఆపరేషన్‌కి ముహూర్తం కూడా పెట్టించేశారు.

"అమ్మాయి నోరు తెరుచుకుని పడుకుంటోందండి, దాన్నీ చూపిద్దాం" అన్నాను.

"దానికేమైంది? అచ్చం మీ మావయ్యగారి గురకే వచ్చింది" అని మురిసిపోయారావిడ. పిల్లేమో పగలంతా తూగేది, ముద్ద దిగక నీళ్ళు తాగేది. నా మాట ఎవరు విన్నారు గనక. దాన్నీ వెంటబెట్టుకునే బయల్దేరాను.

డాక్టరుగారు పెద్దవాళ్ళను కసురుకునేవారు గానీ, పిల్లలను మాత్రం "నోరు తెరవండి బాబూ" అని మన్నించి మాట్లాడేవారు. మా అబ్బాయి గొంతులోకి టార్చి వేసి చూశారు.

"ఈమాత్రానికే కోసేస్తారా? మరీ తరచుగా వస్తే అప్పుడు చూద్దాం."

"ముహూర్తం పెట్టించామండి" అని అత్తగారు నసిగారు.

అంతలో బయట బల్ల మీద నిద్రపోయిన మా అమ్మాయి గురక లోపలికి వినబడింది. ఆయన చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమన్నారు. గురక ఆగింది. కాసేపటికి పిల్ల ఉలిక్కిపడి, ఊపిరి ఎగబీల్చి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎవరండీ ఆ పిల్ల?"

"మా మనవరాలేనండి. దానికి రోగమేం లేదు. వాళ్ళ తాతగారి..."

ఆయన లేచి వెళ్ళి చూశారు. రెండు టాన్సిల్సూ మధ్యలో ఆనుకుపోయి ఉన్నాయి. ఇక అరుపు మొదలైంది.

"నిద్రలో పిల్లకి ఊపిరాడట్లేదండి. ఆ గురకకి తాతగారి పేరు పెట్టుకుని ముచ్చటపడుతున్నారా? నొప్పయితే పిల్లలు ఏడుస్తారు. ఊపిరాడకపోతే ఏడవనైనా ఏడవలేరు. తియ్యాల్సింది ఈ పిల్లకి."

నేను చెప్పీ చెప్పీ విసిగిపోయిన మాట ఇంకొకరి నోట అంత గట్టిగా వినడం అదే మొదలు. ఆ అరుపుకి నా ప్రాణం లేచొచ్చింది. నోరు చెడ్డదట. ఆ నోరే లేకపోతే నా కూతురు ఏమయ్యేదో తలుచుకోవడానికే నాకు భయం.

ఆపరేషన్ అయింది. గొంతు మానాక ఒక మధ్యాహ్నం పిల్ల చాప మీద నిద్రపోతోంది. మా అత్తగారు పక్కన కూర్చుని వత్తులు చేస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయారు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పత్తి కింద పడేసి, గబగబా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. ఊపిరి తగిలాక కూడా ఆ వేలు చాలాసేపు తీయలేదు.