కరిగే గడ్డ, కరగని గడ్డ

2024. పటాన్‌చెరులోని ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఎమ్మారై టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. స్కాన్ తీయడం నా పని. దాన్ని చదివి రిపోర్టు ఇచ్చేది రేడియాలజిస్ట్ మేడం.

గుమ్మడిదల వైపు ఒక బడిలో టీచరైన సుగుణ గారు మూడో స్కాన్‌కు వచ్చారు. ఆమె కాలేయంలో ఉన్నది ఎఫ్ఎన్‌హెచ్. అంటే కాలేయ కణాలే ఒకచోట గుంపుగా పెరిగిన గడ్డ. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. పొరపాటుకు తావుండకూడదని మునుపటిలాగే అదే మెషీన్‌లో, గడ్డ స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే అదే కాంట్రాస్ట్ మందుతో, అదే దిశలో కొలిచాం. గడ్డ సగానికి పైగా తగ్గింది. దాన్ని తగ్గించడానికి ఆమె మందులేవీ వాడలేదు. కొందరిలో ఇవి ఏళ్లు గడిచేకొద్దీ వాటంతట అవే చిన్నవవుతాయని, ఎందుకో కచ్చితంగా తెలియదని మేడం చెప్పారు.

మేడం గదిలో ఆ మాట వినగానే సుగుణ గారికన్నా ముందు, తోడుగా వచ్చిన మరిది దానియేలు సంతోషంతో లేచి నిలబడ్డాడు. ఫార్మా కంపెనీలో ప్యాకింగ్ పని అతనిది. అతని కాలేయంలోనూ గడ్డ ఉందని అప్పుడే వాళ్ల మాటల్లో తెలిసింది. అది క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు.

"చూసినవా వదినా! ప్రార్థనకే కరిగింది. నాది గూడ కరుగుతది. ఇగ ఆపరేషన్‌కు పోను."

మేడం ఓపికగా చెప్పారు. "ఆమెది ఆగి చూడొచ్చు. మీది ఆగితే పెరుగుతుంది. ఇప్పుడైతే తీసేయొచ్చు."

"గడ్డంటే గడ్డే గద మేడం."

"ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒక్కటేనారా?" సుగుణ గారు కసిరారు.

"నువ్వే గద, ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్తనన్నవు!"

సాక్ష్యమంటే తనకు జరిగిన మేలును అందరి ముందు చెప్పుకోవడం. గడ్డ తగ్గితే చెప్పాలని ఆమె మొదటి స్కాన్ నుంచీ అనుకుంటున్నారు. రిపోర్టు కవరును సంచిలో పెట్టేశారు.

"చెప్ప. నువ్వు ఆపరేషన్ చేపించుకునేదాంక నోరు విప్ప. నా సాక్ష్యం పట్టుకొని నువ్వు సస్తే, దేవునికి ఏం జవాబియ్యాలె?"

దానియేలు ఏమీ ఒప్పుకోకుండానే వదినను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆపరేషన్ అయ్యాక అతను స్కాన్‌కు మా దగ్గరికే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. "చర్చిల ఎందరడిగినా వదిన నోరు విప్పలే సార్. నాకే సిగ్గయ్యి ఆపరేషన్‌కు పోయిన" అన్నాడు. ఆ తర్వాతే ఆమె సాక్ష్యం చెప్పారట. మొదటి మాటే, "నాది క్యాన్సర్ గడ్డ గాదు" అని.

ఒకరికి చెప్పిన శుభవార్త పక్కనున్నవారికి వైద్య సలహాలా వినిపించవచ్చు. ఇప్పుడు ఎవరినైనా రిపోర్టు కోసం మేడం గదిలోకి పంపేముందు, వెంట వచ్చినవాళ్లలో ఇంకెవరికైనా జబ్బుందా అని అడుగుతాను. ఉంటే ఆ సంగతి మేడంకు ముందే చెబుతాను.